ఆషాఢం దాటిన కంప్యూటర్లు

గురువారం పొద్దున సత్తయ్య పెట్టుకున్న పనులు మూడే. కోడలు నవనీత మిర్యాలగూడలో కొత్తగా పెట్టిన కంప్యూటర్ సెంటర్ తాళం తీయాలి, గది ఊడ్వాలి, పదకొండు గంటలకు రాబోయే హెడ్మిస్ట్రెస్ కోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ తుడిచి పెట్టాలి. ఆ తర్వాత ఇంకో కుర్చీలో తాను దర్జాగా కూర్చుని, ఈ సెంటర్ నడిపే అమ్మాయికి మామగారు ఎవరో వచ్చినవాళ్లకు తెలిసేలా చూసుకోవాలి. అరవై నాలుగేళ్ల మనిషికి అంతకన్నా మంచి పొద్దు ఇంకేం కావాలి?

చిక్కల్లా ఒక్కటే, అది ఆషాఢ మాసం. సత్తయ్య భార్య సుగుణమ్మ ఆషాఢంలో కొత్త చీపురు కట్ట కూడా విప్పదు. అలాంటి మనిషి ఇంట్లో ఆషాఢంలో కొత్త సెంటర్ మొదలుపెట్టడమంటే మాటలు కాదు. కానీ నవనీతకు వేరే దారి లేదు. మాడుగులపల్లి దారిలోని ఆడపిల్లల బడివాళ్లు తమ అరవై మంది పిల్లలకు కంప్యూటర్ నేర్పించే చోటు కోసం చూస్తున్నారు. హెడ్మిస్ట్రెస్ కృపారాణి వచ్చి చూస్తానన్నది ఈ గురువారమే. మర్నాడు సూర్యాపేటలో వాళ్ల మేనేజ్‌మెంటు మీటింగు. నచ్చితే అక్కడ నవనీత పేరు చెబుతుంది, నచ్చకపోతే రైల్వే స్టేషన్ దగ్గరి పెద్ద సెంటర్ పేరు చెబుతుంది.

ఆ పిల్లలు వస్తే సెంటర్ నిలబడుతుంది. రాకపోతే నవనీత గది ఖాళీ చేసి, బస్టాండు పక్క జిరాక్స్ షాపులో మళ్లీ అప్లికేషన్లు టైపు చేసుకోవాలి. ఆరేళ్లు చేసింది ఆ పని. మళ్లీ అక్కడికి వెళ్లాలన్న మాట వస్తే ఆమె ముఖం వాడిపోతుంది. ఆ ముఖం చూస్తే సత్తయ్యకు ముద్ద దిగదు. కొడుకు వెంకన్న లారీ మీద వారానికి నాలుగు రోజులు బయటే ఉంటాడు కాబట్టి అత్తాకోడళ్ల మధ్య రాజీ కుదిర్చే పని ఎప్పుడూ ఈయనదే. "నేను జూసుకుంట" అని ఇద్దరికీ మాటిచ్చాడు.

మాట నిలబెట్టుకునే విద్య ఒకటి ఆయన దగ్గర ఉంది. సత్తయ్య మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో లారీలను తూకం వేసే కాటా దగ్గర ఇరవై రెండేళ్లు గుమాస్తాగా చేశాడు. అక్కడి పాత కంప్యూటర్‌లో బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది తేదీ మరచిపోయేది. తెర మూలన టైము కనిపించే చోట నొక్కి దానికి ఆనాటి తేదీ చెప్పడం సత్తయ్య డ్యూటీ. కంప్యూటర్ గురించి ఆయనకు తెలిసింది అంతే, కానీ అది మాత్రం క్షుణ్ణంగా తెలుసు.

అందుకని ఏడింటికే సెంటర్ తెరిచి, నవనీత సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎనిమిది కంప్యూటర్లనూ ఒక్కొక్కటిగా లేపి, జూలై పదిహేడులో ఉన్నవాటిని ఆగస్టు ఎనిమిదికి చేర్చాడు. శ్రావణ శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. క్యాలెండర్ చూసి మరీ ఎంచిన తేదీ. ఇంటర్నెట్ కనెక్షన్ ఇంకా రాలేదు కాబట్టి, వాటిని సరిదిద్దేవాళ్లు కూడా ఎవరూ లేరు.

ఇంటికొచ్చి భార్యకు విషయం చెప్పాడు.

"మనకు ఆషాఢమే గదయ్యా" అంది సుగుణమ్మ.

"మొదలయ్యేది మనమా, కంప్యూటర్లా? వాటికి శ్రావణమొచ్చింది."

సుగుణమ్మ కాసేపు ఆలోచించింది. "ఎనిమిదిటికీ వచ్చిందా?"

"ఎనిమిదిటికీ."

"అయితే కానియ్యి" అంది. ఇంతలో స్నానం చేసి వచ్చిన నవనీతతో సత్తయ్య, "మీ అత్తను ఒప్పిచ్చిన బిడ్డా" అన్నాడు. ఎలా ఒప్పించారని ఆమె ఆశ్చర్యంగా అడిగితే, "మాట్లాడే పద్ధతి ఉంటది" అని మీసం సవరించుకున్నాడు. తేదీల సంగతి మాత్రం చెప్పలేదు. పెద్దరికం కొంచెం తగ్గుతుందేమోనని.

ఎనిమిదిన్నరకు నవనీత ఒకటో నంబరు కంప్యూటర్ ముందు కూర్చుంది. ఎక్కించాల్సిన సాఫ్ట్‌వేర్ పేరు రంగులబడి. బొమ్మ, గొంతు, రాత మూడింటినీ కలిపి పాఠం తయారుచేస్తుంది. అది జావా అనే ఇంకో ప్రోగ్రామ్ మీద నడిచే సరుకు. ముందు జావా ఎక్కించాలి, దాని మీద రంగులబడి ఎక్కించాలి, ఆ పైన మైకునూ స్పీకర్లనూ దానికి పరిచయం చేయాలి. సూర్యాపేటలో ఈ సాఫ్ట్‌వేర్ బళ్లకు పంచే సుధీర్, వాడి చూడమని జూలై నెలాఖరు దాకా చెల్లే లైసెన్స్ పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చాడు. వరి నాటు నుంచి బియ్యం బస్తా దాకా ఒక పాఠం కోసం నవనీత వారం రోజులు తిరిగి ఫోటోలు తీసింది, రైస్‌మిల్లు చప్పుడు పట్టుకొచ్చింది. ఫోన్ నిండిపోయిందని అన్నీ ఒకటో నంబరులోకి ఎక్కించి ఫోన్‌లోంచి తీసేసింది.

జావా మర్యాదగా ఎక్కింది. రంగులబడి కూడా ఎక్కింది. తెర మీద ఏడు రంగులు విచ్చుకున్నాయి, వాటి మధ్యలో ఒక పెట్టె తెరుచుకుని "లైసెన్స్ గడువు ముగిసింది" అంది.

నవనీత తెర మూలన చూసింది. ఎనిమిది యాభై. గోడ గడియారంలోనూ అంతే. ఆ పాత కంప్యూటర్లలో మూలన గంటలే కనిపిస్తాయి, తేదీ చూడాలంటే వాటి మీద నొక్కాలి. ఆ ఇంట్లో అక్కడ నొక్కే అలవాటున్నది సత్తయ్యకే. ఆయన అప్పుడు కుర్చీ తుడుస్తున్నాడు.

రెండోది, మూడోది, ఎనిమిదోది, అన్నీ అదే మాట. నవనీత సుధీర్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"ఇంక పద్నాలుగు రోజులుంది గదక్కా, అయిపోవుడేంది?" అన్నాడు సుధీర్.

"నన్నడుగుతవేంది? నీ సాఫ్ట్‌వేరే చెప్తుంది."

"సూర్యాపేటల మంచిగ నడుస్తుందక్కా. నువ్వు కొత్త జావా ఎక్కించినవ్ గావచ్చు. పరేషాన్ గాకు. అది తీసేసి పాతది ఎక్కియ్యి."

ఎనిమిదింటిలోనూ కొత్త జావా తీసేసి పాత జావా ఎక్కించింది. ఆ పాత జావా తాను మరీ పాతబడిపోయానని తనే హెచ్చరిక పెట్టింది. రంగులబడి మాత్రం మాట మార్చలేదు. మళ్లీ సుధీర్‌కు ఫోన్.

"అయితే సిస్టమ్‌లు ఎంతక్కా? ముప్పై రెండు బిట్లా, అరవై నాలుగా?"

"అరవై నాలుగే, మొన్న ఉగాదికి నిండినయ్" అన్నాడు సత్తయ్య, తన వయసు అడుగుతున్నారనుకుని. సుధీర్‌కు మొదటి రెండు మాటలే వినిపించాయి. అరవై నాలుగుకు సరిపోయే జావా ఎక్కించమన్నాడు. హడావిడిలో నవనీత అది కూడా చేసింది. ముప్పై రెండు బిట్ల కంప్యూటర్లు ఆ జావాను గడప కూడా దాటనివ్వలేదు. అదేంటో తెలుసుకుని మళ్లీ పాతదే ఎక్కించేసరికి తొమ్మిది నలభై అయింది.

"మామా, మీరు జర కూసోండ్రి" అంది నవనీత. కోపంగా అనలేదు. అది మరీ కష్టంగా తోచింది సత్తయ్యకు.

సుధీర్ తన భాగస్వామి రాజ్‌కుమార్‌ను పంపించాడు. అతనిది కోదాడ, ఆ పూట మిర్యాలగూడలోనే ఇంకో పని మీద ఉన్నాడు. పది నిమిషాల్లో బ్యాగు భుజాన వేసుకుని వచ్చాడు. గదంతా చూసి, "మీరేం కంగారు పడకండి మేడమ్. కోదాడలో నలభై సిస్టమ్‌లు ఇలాగే సెట్ చేశాను. ఒకదాన్ని ఫార్మాట్ చేసి మొదటి నుంచి ఎక్కిద్దాం. అది నడిస్తే మిగతావీ నడుస్తాయి" అన్నాడు.

అంతలో హెడ్మిస్ట్రెస్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. సిగ్నల్ కోసం నవనీత మెట్ల మీదికి వెళ్లింది. రాజ్‌కుమార్ ఒకటో నంబరు ముందు కూర్చుని, "బాబాయ్ గారూ, ఇందులో దాచుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగాడు.

సెంటర్‌కు వచ్చాక తనను ఒక ప్రశ్న అడిగినవాడు ఇతనొక్కడే. సత్తయ్య ఉత్సాహంగా, "ఏం లెవ్వు బాబూ. అంత కొత్తగ పెట్టినయే" అన్నాడు.

మేడమ్ అడిగినవన్నీ చెప్పి నవనీత అరగంటకు తిరిగి వచ్చేసరికి ఒకటో నంబరు పుట్టినప్పటిలా శుభ్రంగా ఉంది. అందులో విండోస్ ఎక్కింది, జావా ఎక్కింది, రంగులబడి ఎక్కింది. గడువు ముగిసిందన్న పెట్టె కూడా ఎప్పటిలాగే వచ్చింది. ఫార్మాట్ చేస్తే కంప్యూటర్ అన్నీ మరచిపోతుంది గానీ, తేదీ మరచిపోదు.

"నా వరి పాఠమేది?" అంది నవనీత.

రాజ్‌కుమార్ సత్తయ్య వంక చూశాడు. సత్తయ్య తాను తుడిచిన కుర్చీ వంక చూశాడు. నవనీత స్టూలు మీద కూర్చుని అరచేతులతో కళ్లు ఒత్తుకుంది. సత్తయ్య తిట్టినా బాగుండుననుకున్నాడు.

అప్పుడే సుగుణమ్మ వచ్చింది. ముందురోజు పెట్టుకున్న గోరింటాకుతో రెండు చేతులూ ఎర్రగా పండి ఉన్నాయి. ఒక చేతిలో దిష్టి తీయడానికి నిమ్మకాయ. గదిలో ఉన్న ముఖాలను చూసి, "ఏమైందే బిడ్డా? అంత మంచిగ శ్రావణంల..." అనబోయింది. సత్తయ్య గట్టిగా దగ్గాడు. ఆమె ఆగిపోయింది.

రాజ్‌కుమార్ పట్టు వదిలే రకం కాదు. ఒకటో నంబరు పక్క రేకు విప్పి, లోపల బొత్తామంత బ్యాటరీని గోటితో తీశాడు. "ఇది తీసి పెడితే బోర్డు మొదటికొస్తుందండీ."

సత్తయ్య లేచి నిలబడ్డాడు. ఆ బ్యాటరీ ఆయనకు బాగా తెలుసు. "అది తీస్తే తేదీ పోతది గద బాబూ."

"పోతే పోనివ్వండి బాబాయ్ గారూ, అది పెద్ద విషయమేం కాదు. తర్వాత పెట్టుకుందాం."

బ్యాటరీ తిరిగి పెట్టి కంప్యూటర్ లేపాడు. రంగులు విచ్చుకున్నాయి. పెట్టె తెరుచుకుంది. ఈసారి మాట మారింది: "లైసెన్స్ గడువు ఇంకా మొదలు కాలేదు."

ఏడు కంప్యూటర్లు అయిపోయిందంటున్నాయి, ఒకటి మొదలే కాలేదంటోంది. రాజ్‌కుమార్ స్క్రూడ్రైవర్ కింద పెట్టి, "నా సర్వీసులో ఇలాంటిది చూడలేదండీ" అన్నాడు. సుగుణమ్మ నిమ్మకాయను ఏ కంప్యూటర్‌కు తిప్పాలో తేల్చుకోలేక మధ్యలో నిలబడింది.

తేల్చుకున్నది సత్తయ్య ఒక్కడే. జూలై దాకా చెల్లే కాగితాన్ని ఆగస్టులో ఉన్నవాడికిస్తే ఏమంటాడు? అయిపోయిందంటాడు. పొద్దున్నుంచి ఈ ఎనిమిదీ నిజమే చెబుతున్నాయి. అబద్ధం చెప్పింది తను. చెబితే కోడలి ముందు పెద్దరికం పోతుంది, తేదీ వెనక్కి తిప్పితే భార్యకిచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే కోడలి బతుకుతెరువు పోతుంది. కొంచెం ఆలస్యంగానైనా లెక్క తేలింది.

"నవనీతా, ఆ తేదీ ఉన్నది సూడు..."

"మామా, జర ఆగండ్రి. మేడమొచ్చింది."

కృపారాణి మెట్లెక్కి లోపలికి వచ్చింది. పలచటి మనిషి, భుజాన గొడుగు. ఇరవై తొమ్మిదేళ్లు బడిలో పనిచేయడం వల్ల ఆమెకొక అలవాటు పడిపోయింది. ఏ తరగతి గదిలో అడుగుపెట్టినా ముందు బోర్డు కుడి మూల చూస్తుంది. అక్కడ ఆ రోజు తేదీ లేకపోతే ఆ టీచరు పని అయిపోయినట్టే. ఇక్కడ బోర్డు లేదు. అందుకని వరసగా తెరలు చూసుకుంటూ వచ్చింది. అన్నీ చదివి అద్దాలు తీసి తుడుచుకుంది.

"ఇయ్యాల తేదెంతమ్మా?"

"పదిహేడు మేడమ్."

"నీకు తెలుసు, నాకు తెలుసు. వీటికి తెలుసా?"

రాజ్‌కుమార్ చెయ్యి గభాలున మూలకు వెళ్లింది. రెండో నంబరులో ఆగస్టు ఎనిమిది. మూడోదానిలో ఆగస్టు ఎనిమిది. ఎనిమిదో నంబరు దాకా అదే శుక్రవారం. ఒకటో నంబరు మాత్రం బ్యాటరీ ఒకసారి ఊడిన పాపానికి రెండు వేల తొమ్మిది జనవరి ఒకటిన కూర్చుని ఉంది.

"ఎవరండీ మార్చింది?" అన్నాడు రాజ్‌కుమార్, తానెన్నడూ ఏ తేదీనీ ముట్టుకోనివాడిలా.

సత్తయ్య ఫ్యాను వంక చూశాడు. ఫ్యాను నుంచి ఏ సాయమూ రాలేదు. "నేనే" అన్నాడు. "మీ అత్త ఆషాఢంల వద్దనె. నువ్వు ఇయ్యాలనే గావాలంటివి. కాటా కాడ తేదీ మారిస్తే లారీలు ఆగలే బిడ్డా. ఇది ఆగుతదని నాకేమెరుక? నీ పాఠం గూడ నా నోటితోనే పోయింది. జిరాక్స్ షాపుకు నిన్ను మళ్ల పంపుడు నాకు ఇష్టం లేక చేసిన, అదే నా చేతులతో జరుగబట్టె."

నవనీత ఆయన ముఖం చూసింది. పొద్దున్నుంచి కూడబెట్టుకున్న కోపమేదో ఉంటే, అది ఆ ముఖం చూశాక నిలవలేదు. "ఒప్పిచ్చిన్రనుకున్న మామా" అంది, నవ్వు ఆపుకుంటూ.

"ఇప్పుడు వెనక్కి తిప్పేస్తే రెండు నిమిషాల్లో నడుస్తాయండీ" అన్నాడు రాజ్‌కుమార్.

అందరూ సుగుణమ్మ వైపు తిరిగారు. వెనక్కి తిప్పడమంటే మళ్లీ ఆషాఢంలోకి తేవడం. సుగుణమ్మ నిమ్మకాయను చేతులు మార్చుకుని, తీర్పు చెప్పేవాళ్లు మాట్లాడినంత నింపాదిగా మాట్లాడింది.

"ఆషాఢంల కొత్తది మొదలువెట్టొద్దు, అంతే గదా. ఇవి పొద్దుగాలనే శ్రావణంల మొదలైనయ్. మొదలైన పని మొదలైనట్టే. ఇగ నడిచేటిది ఏ నెలల నడిస్తేంది? తిప్పు బాబూ."

రాజ్‌కుమార్ తిప్పాడు. ఎనిమిది రంగులబళ్లూ ఏ పెట్టే తెరవకుండా, ఏమీ ఎరగనట్టు లేచి కూర్చున్నాయి. సత్తయ్యకు భార్య మీద పెళ్లినాడు కూడా కలగనంత గౌరవం కలిగింది.

కానీ కృపారాణి గడియారం చూసుకుంది. "సాఫ్ట్‌వేర్ నడుస్తుంది, సంతోషం. పాఠమేదమ్మా? నాకు ఇంక గంటనే ఉంది. మీటింగుల ఏం చూసినవని అడిగితే ఏడు రంగులు చూసిన్నని చెప్పాల్నా?"

నవనీత నోరు తెరిచే లోపే సుగుణమ్మ అందుకుంది. ఆషాఢమంటే ఏమిటో ఈ మేడమ్‌కు సరిగా తెలియకే ఈ గురువారం పెట్టిందని ఆమె అనుమానం. అందుకని చెప్పడం మొదలుపెట్టింది. చైత్రంలో ఏం తినాలి, వైశాఖంలో ఏ నీళ్లు తాగాలి, జ్యేష్ఠంలో విత్తనం ఎప్పుడు పడాలి, ఆషాఢంలో గోరింటాకు ఎందుకు పెట్టుకోవాలి. వేళ్లు మడుస్తూ, మధ్యలో ఎవరూ అడ్డు రాకుండా చూసుకుంటూ, ఫాల్గుణం దాకా ఆగలేదు.

కృపారాణి గొడుగు పక్కన పెట్టి కూర్చుంది. "మా తెలుగు పుస్తకంల పన్నెండు నెలలూ ఉన్నయి. పిల్లలకు మూడు దాటి రావు. నిజం చెప్తే కార్తీకం దాటినంక నేను గూడ తడుముకుంట" అంది.

నవనీత అప్పటికే మైకు తీసి అత్త ముందు పెట్టింది. "అత్తమ్మా, మళ్ల మొదటి నుంచి చెప్పుర్రి. కంప్యూటర్‌కు."

"దానికేం దెలుస్తది?"

"అందుకే చెప్పుర్రి."

ఇరవై అయిదు నిమిషాల్లో పాఠం తయారైంది. గోడ మీది క్యాలెండర్ బొమ్మలు, ఆషాఢానికి సుగుణమ్మ పండిన చేతుల ఫోటో, ప్రతి నెలకూ ఆమె గొంతు. ఆ రోజు కంప్యూటర్‌లో ఏ తేదీ ఉంటే ఆ నెలే ముందుగా తెరుచుకునేలా నవనీత దాన్ని కట్టింది. రాజ్‌కుమార్ దాన్ని మిగిలిన ఏడింటిలోకీ ఎక్కించి స్పీకర్లు పరిచయం చేశాడు. మొదటిసారి తన గొంతు తనే విన్న సుగుణమ్మ, "నేను గింత గట్టిగ మాట్లాడుతనా?" అని భర్తను అడిగింది. సత్తయ్యకు జవాబు తెలుసు, కానీ ఆ రోజుకు చాలినంత నిజం చెప్పి ఉన్నాడు.

కృపారాణి పాఠం రెండుసార్లు విని, లేచి గొడుగు తీసుకుంది. "సోమవారం మొదటి బ్యాచి పంపుత. పదహారు మంది. రేపు మీటింగుల నేను చెప్పుకుంట" అంది. గుమ్మం దగ్గర ఆగి, "ఒక బోర్డు పెట్టుండ్రి. కుడి మూలకు తేదీ రాయుండ్రి" అని చెప్పి మెట్లు దిగింది. నవనీత మామగారి చేయి పట్టుకుని ఒకసారి నొక్కి వదిలేసింది. సత్తయ్య కళ్లు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు. పొద్దున ఊడ్చింది తనేనని తర్వాత గుర్తొచ్చింది.

సోమవారానికి బోర్డు వచ్చింది. రోజూ పొద్దున దాని మీద తేదీ రాసే ఉద్యోగం సత్తయ్యకు దక్కింది, కంప్యూటర్ల మూలలకు మూడడుగుల దూరంలో ఉండాలన్న షరతు మీద. జూలై ఇరవై ఒకటి అని ఆయన గుండ్రటి అక్షరాలతో రాశాడు. పదహారు మంది ఆడపిల్లలు జడలు వెనక్కి వేసుకుని, ఒక్కో కంప్యూటర్‌కు ఇద్దరు చొప్పున సర్దుకుని కూర్చున్నారు. నవనీత మీట నొక్కమంది.

ఎనిమిది కంప్యూటర్లూ ఒక్కసారిగా సుగుణమ్మ గొంతుతో, ఇది ఆషాఢం, ఈ నెలలో కొత్త పని ఏదీ మొదలుపెట్టొద్దని గట్టిగా హెచ్చరించాయి. పిల్లలు ఆ మాటను కొత్త నోటు పుస్తకాల మొదటి పేజీలో రాసుకుని కంప్యూటర్ నేర్చుకోవడం మొదలుపెట్టారు.